శ్రుతి చూశాకే రివ్యూ: సంగీతకారుల జీవితకథ సినిమాలకీ, వాటి డిస్కులకీ

పోయిన వేసవిలో, కాలవలు కట్టేసిన రోజుల్లో, మా అక్క కొడుకు అమలాపురం నుంచి వచ్చి ఓ రివ్యూ నా చేతిలో పెట్టాడు. ఒక విదేశీ గాయకుడి జీవితకథ సినిమా మీద రాసింది. మూడు పేజీలుంటే రెండున్నర పేజీలు కథే. చివర్లో "సంగీతం బాగుంది, ప్రింటు క్లియర్‌గా ఉంది" అని రెండు ముక్కలు.

"ఎలా ఉంది పిన్నీ?" అన్నాడు.

"పెళ్ళికెళ్ళొచ్చి, భోజనాలెలా ఉన్నాయిరా అంటే శుభలేఖ చదివి వినిపించినట్టుంది" అన్నాను.

వాడు మొహం ముడుచుకున్నాడు గానీ, ఆ సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి చెప్పినవన్నీ విన్నాడు. అవే ఇక్కడ రాస్తున్నాను. కొత్తపేటలో పిల్లలకి వయొలిన్ నేర్పడం నా పని. డిస్కులు కొనడం నా పిచ్చి.

మొదటిసారి చూసేటప్పుడు కలం, కాగితం ముట్టుకోకండి. హాల్లో చూడగలిగితే మరీ మంచిది. ఇంటికొచ్చి అన్నం తింటుంటే ఏ పాట నోట్లో ఆడుతోంది, ఏ సీను అప్పుడే మర్చిపోయారు, ఆ రెండూ రాసి పెట్టుకోండి. మిగతా పనంతా రెండోసారి, రిమోటు చేతిలో పట్టుకుని చేసేది.

రెండోసారి ముందుగా తేల్చుకోవాల్సింది పాడుతున్నది ఎవరనేది. 1946 నాటి 'త్యాగయ్య'లో వేషమూ, పాటా, దర్శకత్వమూ అన్నీ నాగయ్యగారే. 1981లో మన నరసాపురం బాపుగారు తీసిన 'త్యాగయ్య'లో మొహం సోమయాజులుగారిది, పాట బాలుగారిది. 2004లో వచ్చిన 'రే'లో నటించింది జేమీ ఫాక్స్ అయినా పాటల్లో ఎక్కువగా వినిపించేది అసలు రే చార్లెస్ రికార్డింగులే. ఆ మరుసటేడు వచ్చిన 'వాక్ ద లైన్'లో మాత్రం నటులు సొంత గొంతుతో పాడారు. వీటన్నిటికీ ఒకే కొలబద్ద పెడితే అన్యాయం. నటుడే పాడితే ఊపిరి చూడండి. పాట కోసం పీల్చిన ఊపిరి నటనలో కలిసిందా, లేదా? వేరే గొంతు అయితే అతుకు చూడండి. మాట ఆగి ఆలాపన మొదలయ్యే ఆ ఒక్క క్షణం దగ్గర మూడుసార్లు వెనక్కి తిప్పండి. చాలా సినిమాల్లో మాట పూజగదిలో వినిపిస్తుంది, పాట మాత్రం స్టూడియోలోంచి వస్తుంది.

తరవాత చేతులు. సౌండు తీసేసి వేళ్ళు మాత్రమే చూడండి. వీణ తారస్థాయికి వెళ్తుంటే ఎడమ చెయ్యి కుండ వైపు జరగాలి. వయొలిన్ అయితే తీగల్ని మోసే చెక్క వంతెన వైపు జారాలి. చెయ్యి ఉన్నచోటే ఉండి స్వరం మాత్రం మేడెక్కితే నేను వెంటనే టైము రాసుకుంటాను. ఇది చాదస్తం అంటారు మా ఇంట్లో. పొలం దున్నే సీన్లో నాగలి తిరగేసి పట్టుకుంటే మా ఊళ్ళో హాలంతా నవ్వుతుంది, అది చాదస్తం కాదట!

నిజం ఎంత, కల్పన ఎంత అన్నది మూడో సంగతి. దీని మీద జాబితాలు రాసి పేజీలు నింపకండి. మార్చింది ఎందుకు మార్చారు, మార్చడం వల్ల ఏం వచ్చిందనేదే అడగండి. 2018 నాటి 'బొహీమియన్ రాప్సొడీ' చూడండి. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ తన ఎయిడ్స్ జబ్బు సంగతి 1985 జులై 13 నాటి లైవ్ ఎయిడ్ కచేరీకి ముందే తోటివాళ్ళతో చెప్పినట్టు చూపించారు. జబ్బు బయటపడింది 1987లో అని ఎక్కువమంది చెప్పే మాట. ఆ మార్పుతో సినిమా చివర్లో వచ్చే ఆ కచేరీకి కన్నీళ్ళు దొరికాయి. కానీ ఆయన ఆ రోజు అలా పాడడానికి జబ్బే కారణమన్నట్టు అయింది. నాకది నచ్చలేదు. మీకు నచ్చితే నచ్చిందనే రాయండి, ఎందుకో చెప్తే చాలు.

మన వాగ్గేయకారుల దగ్గర ఈ లెక్క పనిచెయ్యదు. అక్కడ చరిత్ర తక్కువ, స్థలపురాణం ఎక్కువ. కాబట్టి నేను కీర్తనల్ని పట్టుకుంటాను. 1997 నాటి 'అన్నమయ్య'లో అసలు సంకీర్తనలతో పాటు సినిమా కోసం కొత్తగా రాయించిన పాటలూ ఉన్నాయి. ఏది ఏదో విడదీసి చెప్పండి. ఆ పని చెయ్యకపోతే, రేపు ఏ పెళ్ళిలోనో సినిమా పాటని అన్నమాచార్య కీర్తన అని పాడే పిల్లలకి మీరూ బాధ్యులే.

ఇక డిస్కు. ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట ఒక పాత భక్తుడి సినిమా డిస్కు మీద రాస్తూ, "గొంతు పీలగా ఉంది, గాయకుడు ఈ పాత్రకి సరిపోలేదు" అని తేల్చేశాను. నాలుగు రోజులకి ఒక పెద్దాయన, "అమ్మా, ఆ పాటల ఆడియో సీడీ మీ దగ్గరుందా? రెండూ పక్కపక్కన పెట్టి వినండి" అని ఉత్తరం రాశారు. శ్రుతిపెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాను. సీడీలో ఒకటిన్నర శ్రుతిలో ఉన్న పాట డిస్కులో దాదాపు రెండు దగ్గర పలుకుతోంది! గాయకుడి తప్పేం లేదు. సినిమా తీసింది సెకనుకి 24 ఫ్రేములు. పాల్ అనే టీవీ పద్ధతిలో చేసిన డీవీడీ ఆడేది 25. చాలా డిస్కుల్లో ఆ ఒక్క ఫ్రేము కోసం సినిమా మొత్తాన్ని నాలుగు శాతం తొందరగా పరిగెత్తిస్తారు. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది, అర శ్రుతికి కాస్త తక్కువగా గొంతు పైకి జరుగుతుంది. మంద్రంలో బరువుగా నిలవాల్సిన మనిషి చిన్నపిల్లాడిలా వినిపిస్తాడు. నేను మళ్ళీ రాసి క్షమాపణ చెప్పుకున్నాను.

అప్పటినుంచి ఏ డిస్కు వచ్చినా మొదటి పని ఇదే. ఫోన్లో తంబూరా యాప్ పెట్టి, ఆడియోలో వచ్చే పాట శ్రుతికి కలిపి, డిస్కులో అదే పాట వేస్తాను. శ్రుతి కలిసినా వదలను, వాచీ చూస్తాను. కొందరు శ్రుతిని సరిచేసి వేగాన్ని అలాగే వదిలేస్తారు. అయిదు నిమిషాల పాట నాలుగు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లకే అయిపోతే సంగతి అర్థమైనట్టే. బ్లూరేలో 24 ఫ్రేములూ అలాగే ఉంచొచ్చు కాబట్టి ఈ గొడవ మామూలుగా రాదు. అయినా పాత డీవీడీ సరుకునే బ్లూరేలో పోసి అమ్మేవాళ్ళుంటారు, చెవి వదలకండి.

బొమ్మ విషయం తొందరగా చెప్పేస్తాను. స్కోపులో, అంటే బాగా వెడల్పు తెర కోసం, తీసినదాన్ని టీవీకి సరిపోయేలా అంచులు కోసేశారేమో చూడండి. కచేరీ సీన్లో మృదంగం ఆయన సగమే కనిపిస్తే కోసినట్టే. దీపాల వెలుగు సీన్లో చీకటి మెట్లుమెట్లుగా విడిపోతోందా, మొహాలు మైనపు బొమ్మల్లా నున్నగా అయిపోయాయా చూడండి. పాత ఫిల్ములో సన్నటి ఇసక లాంటి రేణువులు ఉండాల్సినవే, వాటిని తప్పుగా రాయకండి.

సౌండు దగ్గర మాత్రం ఓపిక పట్టండి. 5.1 డిస్కుని, అంటే ఆరు స్పీకర్ల కోసం సౌండు విడదీసినదాన్ని, రెండు స్పీకర్ల టీవీ మీద విని "మాటలు వినపడట్లేదు" అని రాస్తే తప్పు మీది కావచ్చు. ప్లేయరు సెట్టింగుల్లో స్టీరియోకి మార్చి మళ్ళీ వినండి. మా వీధిలో వానాకాలం కప్పలు, రేకుల మీద చినుకులు, పొద్దున్నే గుడి మైకు. అందుకని నేను రాత్రి పదకొండు దాటాక హెడ్‌ఫోన్స్‌తో వింటాను. పల్లవి ఆగాక తంబూర నాదం మెల్లగా కరగాలి. టక్కున తెగిపోతే డిస్కులో పట్టించడానికి సౌండుని ఎక్కడో గట్టిగా నలిపారని అర్థం.

అదనంగా ఇచ్చిన సరుకులో మేకింగ్ వీడియోలన్నీ చూడక్కర్లేదు, అందరూ అందర్నీ పొగుడుకుంటారు. పూర్తి కచేరీ ఇచ్చారా అన్నదే ముఖ్యం. 'బొహీమియన్ రాప్సొడీ' డిస్కులో హాల్లో చూపించని పాటలతో సహా లైవ్ ఎయిడ్ భాగం పూర్తిగా ఉంది. అలాంటిది ఉంటే ఓ పేరా ఇవ్వండి. సబ్‌టైటిల్స్‌లో పాటల సాహిత్యానికి అర్థం ఇచ్చారో, "పాట వస్తోంది" అని రాసి ఊరుకున్నారో కూడా చెప్పండి.

రాసేటప్పుడు సినిమాకీ డిస్కుకీ మార్కులు వేరువేరుగా వెయ్యండి. మంచి సినిమాకి చెత్త డిస్కు రావచ్చు, దానికి ఉల్టా కూడా జరుగుతుంది. కథ అయిదు వాక్యాలు దాటనివ్వకండి. ఒక్క సీనుని మాత్రం దగ్గరగా, చెయ్యి ఎక్కడుందో, ఊపిరి ఎక్కడ తీశాడో కనిపించేలా రాయండి. చివర ఏ కంపెనీ డిస్కు, ఏ ఏడాదిది, ఎన్ని నిమిషాలు, ఏ రీజియన్‌ది (అంటే ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) అని తప్పనిసరిగా వెయ్యండి. మన దేశానికి డీవీడీలో 5, బ్లూరేలో సి. అమెరికా నుంచి ఎవరో తెచ్చిన ఒకటో రీజియన్ డీవీడీని పొగిడేసి ఊరుకుంటే, అది కొనుక్కున్న రావులపాలెం కుర్రాడు ప్లేయర్లో పెట్టుకుని మిమ్మల్ని తిట్టుకుంటాడు.

మావాడు వారం తరవాత మళ్ళీ రాసుకొచ్చాడు. ఈసారి పేజీన్నర. మొదటి వాక్యమే "రెండో పాటలో గిటారు ఒకడిది, వేళ్ళు ఇంకొకడివి" అని ఉంది. డిస్కు ఎన్ని నిమిషాలో వెయ్యడం మాత్రం మళ్ళీ మర్చిపోయాడు.