రాడార్ తరంగాలను మింగే షీటు: మన ల్యాబ్‌లో చేసే పద్ధతి

తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మైక్రోవేవ్ ల్యాబ్ చూసుకుంటాను. ప్రాజెక్టుకి వచ్చే పిల్లలు "సార్, స్టెల్త్ పెయింట్ (రాడార్‌కి చిక్కకుండా చేసే పూత) చేద్దాం" అంటారు. ముందు సాలిస్‌బరీ స్క్రీన్ చేయమంటాను, అంటే లోహపు రేకు ముందు పావు తరంగం దూరంలో నిలిపే, తరంగాన్ని మింగే షీటు. 1952లో పేటెంట్ వచ్చిన పాత పద్ధతే గానీ, అసలు విషయమంతా అందులోనే ఉంది.

గన్ ఆసిలేటర్ బెంచిని (మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే ల్యాబ్ సెట్‌ని) 10 గిగాహెర్ట్జ్‌కి పెట్టుకోండి. తరంగం పొడవు 3 సెంటీమీటర్లు, అందులో పావు 7.5 మిల్లీమీటర్లు. థర్మాకోల్‌ని సరిగ్గా ఆ మందానికి కోయించండి. పెళ్ళి డెకరేషన్ చేసేవాళ్ళ దగ్గర వేడి తీగ ఉంటుంది, శుభ్రంగా కోసిస్తారు.

ఇక షీటు. గ్రాఫైట్ పొడిని ఫెవికాల్‌లో కలిపి, కొంచెం నీళ్ళు పోసి, డ్రాయింగ్ షీటు మీద పలుచగా పూయండి. దాంట్లోంచి ఒక చతురస్రం కత్తిరించి, ఎదురెదురు అంచులకు అల్యూమినియం ఫాయిల్ పట్టీలు బిగించి మల్టీమీటర్ పెట్టండి. చతురస్రం చిన్నదైనా పెద్దదైనా రీడింగ్ ఒకటే రావాలి. మనకు కావలసింది 377 ఓమ్‌లు, అంటే గాలిలో తరంగానికి ఎదురయ్యే నిరోధం. 300 నుంచి 450 మధ్య ఉన్నా పనవుతుంది.

పూర్తిగా ఆరాకే కొలవండి. ఒక నవంబరు వానల్లో తడి మీద 700 చూపించిందని ఇంకో పూత వేయించాను. తెల్లారి చూస్తే 200కి దిగిపోయింది. ఆ షీటుతో తిరిగొచ్చే తరంగం 10 డెసిబెల్స్, అంటే పదో వంతుకి, తగ్గడమే గగనమైంది.

రెండు హార్న్‌లను (ఒకటి తరంగాన్ని పంపే, ఇంకొకటి తిరిగొచ్చేదాన్ని పట్టే గరాటు లాంటి యాంటెన్నాలు) పక్కపక్కన పెట్టి ఎదురుగా ఉత్త అల్యూమినియం రేకు నిలబెట్టండి. ఆ రీడింగే మీ సున్నా. తర్వాత షీటుని రేకుకి అంటించి చూడండి. మీటర్ దాదాపు కదలదు. పిల్లల ముఖాలు వాడిపోయేది ఇక్కడే, కానీ ఈ మెట్టు మాత్రం దాటేయొద్దు. లోహాన్ని ఆనుకున్న చోట విద్యుత్ క్షేత్రం సున్నా, షీటుకి మింగడానికి అక్కడ ఏమీ ఉండదు. పావు తరంగం దూరంలో అదే క్షేత్రం గరిష్ఠంగా ఉంటుంది, అందుకే ఇప్పుడు మధ్యలో థర్మాకోల్ పెట్టండి. రీడింగ్ ఒక్కసారిగా పడిపోతుంది. షీటు బాగా కుదిరితే 20 డెసిబెల్స్ వరకు తగ్గుతుంది, అంటే తిరిగొచ్చేది నూరో వంతు. బెంచి ఆన్‌లో ఉండగా హార్న్‌లోకి తొంగిచూడొద్దు.

వైవాలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర ఉన్న, వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. దానికి ఇదే స్క్రీన్ చేయాలంటే థర్మాకోల్ ఎంత మందం కావాలి? లెక్క వేస్తే దాదాపు 1.4 మీటర్లు వస్తుంది.