సాకెట్ల పాఠాలు – 4: రూన్ పెట్టే ముందు లెక్క

ఈ పాఠాలు డయాబ్లో 2 రిసరెక్టెడ్ వీడియో గేమ్‌లో ఆయుధాలకీ కవచాలకీ ఉండే సాకెట్ల గురించి, అంటే జెమ్‌లు, రూన్‌లు పెట్టే గుంటల గురించి. పోయిన పాఠంలో జెమ్‌లు, అంటే రత్నాలు, చూశాం. పర్ఫెక్ట్ టోపాజ్‌ని కవచంలోనో హెల్మెట్‌లోనో పెడితే మ్యాజిక్ ఫైండ్, అంటే మంచి వస్తువులు దొరికే అవకాశం, 24 శాతం పెరుగుతుంది. డాలులో పెడితే మెరుపు దెబ్బల నుంచి 40 శాతం రక్షణ. ఆయుధంలో పెడితే ప్రతి దెబ్బకీ 1 నుంచి 40 దాకా మెరుపు డ్యామేజ్ కలుస్తుంది. చివర్లో ఒక ప్రశ్న ఇచ్చాను: అన్నిటికన్నా పై మెట్టుదైన ఒక పర్ఫెక్ట్ జెమ్ తయారు కావాలంటే అన్నిటికన్నా కింది మెట్టు చిప్డ్ జెమ్‌లు ఎన్ని కావాలి? జవాబు 81. వస్తువులను కలిపి కొత్తవి చేసే పెట్టె అయిన క్యూబ్‌లో మూడు వేస్తే పై మెట్టుది ఒకటి వస్తుంది, ఎక్కాల్సిన మెట్లు నాలుగు.

ఈ పాఠం నుంచి రూన్‌లు, అంటే సాకెట్లలో పెట్టే అక్షరాల రాళ్లు. 2001లో డయాబ్లో 2కి అదనపు భాగంగా విడుదలైన లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్‌తో వచ్చిన రూన్‌లు ఎల్ నుంచి జాడ్ దాకా మొత్తం 33. విడిగా చూస్తే ఒక్కో రూన్ ఇచ్చే బలం పెద్దగా ఉండదు. వాటి సత్తా అంతా రూన్‌వర్డ్‌లో ఉంది. అంటే కొన్ని రూన్‌లను సరైన వస్తువులో, సరైన వరుసలో పెడితే ఆ వస్తువుకి కొత్త పేరు, కొత్త గుణాలు వస్తాయి. లోపలున్న రూన్‌ల సొంత గుణాలు కూడా పోకుండా వాటితో కలుస్తాయి.

షరతులు నాలుగు. వస్తువు మామూలుదో, దానికన్నా కాస్త మెరుగైన సుపీరియర్‌దో అయి ఉండాలి. నీలం పేరున్న మ్యాజిక్ వస్తువులో ఎన్ని రూన్‌లు పెట్టినా రూన్‌వర్డ్ కాదు. వస్తువు రకం సరిపోవాలి. వరుస తప్పకూడదు. నాలుగోది సాకెట్ల సంఖ్య. చాలామంది తేలిగ్గా తీసుకునేది దీన్నే. నాలుగు రూన్‌ల రూన్‌వర్డ్‌కి సరిగ్గా నాలుగు సాకెట్లే ఉండాలి. అయిదు ఉన్న కత్తిలో నాలుగు రూన్‌లు పెట్టి ఒకటి ఖాళీగా వదిలేసినా రూన్‌వర్డ్ ఏర్పడదు. సాకెట్లు ఎక్కువుంటే మంచిదేగా అనిపిస్తుంది. జెమ్‌ల విషయంలో అది నిజం, రూన్‌వర్డ్‌ల విషయంలో కాదు.

అందుకే నేను ఎవరికి నేర్పినా చివరి నుంచి వెనక్కి రమ్మంటాను. ముందు ఏ రూన్‌వర్డ్ కావాలో తేల్చుకోవాలి. దాన్నిబట్టి సాకెట్లు ఎన్నో తెలుస్తుంది. సాకెట్లను బట్టి బేస్, అంటే వాటిని మోసే ఖాళీ వస్తువు, ఏదో తెలుస్తుంది. రూన్‌లు ఆఖర్న. చేతిలో రూన్ ఉంది కదా అని దానికోసం కత్తి వెతకడం మొదలుపెడితే రూన్ వృథా అయ్యే అవకాశమే ఎక్కువ.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. కావలసింది స్పిరిట్ కత్తి. రూన్‌లు టాల్, థుల్, ఓర్ట్, ఆమ్న్, ఇదే వరుసలో. లెవెల్ 25 నుంచి వాడొచ్చు. అన్ని స్కిల్స్‌కీ 2 కలుపుతుంది, మంత్రాల వేగం 25 నుంచి 35 శాతం పెంచుతుంది. మంత్రాలు వాడే పాత్రకి ఆట సగం దాటేదాకా, కొన్నిసార్లు చివరిదాకా కూడా ఇది సరిపోతుంది. సాకెట్లు నాలుగు. మరి బేస్ ఏది?

క్రిస్టల్ స్వోర్డ్ తీసుకుందాం. దీన్ని వాడడానికి పాత్రకి స్ట్రెంగ్త్ (బలం) పాయింట్లు 43 చాలు, అందుకే అందరూ దీన్నే వెతుకుతారు. దీనికి గరిష్ఠంగా ఆరు సాకెట్లు పడతాయి. అయితే ఆ గరిష్ఠం ఐటెమ్ లెవెల్‌ని, అంటే వస్తువుని వదిలిన శత్రువు లెవెల్‌ని, బట్టి మారుతుంది. ఐటెమ్ లెవెల్ 25 దాకా మూడు, 26 నుంచి 40 దాకా నాలుగు, 41 నుంచి ఆరు. ఐటెమ్ లెవెల్ తెర మీద ఎక్కడా కనిపించదు. కత్తి ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోవడం ఒక్కటే దారి. ఆటలో డిఫికల్టీలు మూడు: నార్మల్, నైట్‌మేర్, హెల్. నార్మల్‌లో, ఆవులే శత్రువులుగా ఉండే సీక్రెట్ కౌ లెవెల్‌లోని మామూలు ఆవుల లెవెల్ 28. కాబట్టి అక్కడ పడ్డ సాకెట్లు లేని క్రిస్టల్ స్వోర్డ్ మనకి సరిగ్గా సరిపోతుంది. సామాను దాచుకునే పెట్టె అయిన స్టాష్‌లో దాన్ని వేరే అరలో పెట్టండి, హెల్‌లో దొరికిన దానితో కలిసిపోతే రెండింటికీ తేడా తెలియదు.

ఇప్పుడు దానికి సాకెట్లు వేయాలి. దారులు రెండు.

మొదటిది లార్జుక్ అనే కమ్మరి. ఆట అయిదో భాగం, అంటే అయిదో యాక్ట్‌లో హారోగత్ ముట్టడి క్వెస్ట్ పూర్తిచేస్తే ఒక వస్తువుకి సాకెట్లు వేసిపెడతాడు. ఒక్కో డిఫికల్టీకి ఒక్కసారే. మామూలు వస్తువైతే దాని ఐటెమ్ లెవెల్‌కి ఎన్ని గరిష్ఠమో అన్నీ వేస్తాడు, అదృష్టంతో పని లేదు. ఆవుల దగ్గర దొరికిన మన కత్తికి కచ్చితంగా నాలుగు వస్తాయి. అదే క్రిస్టల్ స్వోర్డ్ హెల్‌లో దొరికిందనుకోండి, ఆరు వేస్తాడు, స్పిరిట్‌కి అది ఇక పనికిరాదు. నార్మల్‌లో వచ్చే బహుమతిని ఈ కత్తికే వాడమని నా సలహా.

రెండోది క్యూబ్. రాల్, ఆమ్న్ రూన్‌లు, ఒక పర్ఫెక్ట్ అమెథిస్ట్ జెమ్, సాకెట్లు లేని మామూలు ఆయుధం కలిపి దానిలో వేయాలి. సుపీరియర్ వస్తువు ఇక్కడ పనికిరాదు, దాన్ని లార్జుక్ దగ్గరికే తీసుకెళ్లాలి. ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడండి. ఆట 1 నుంచి 6 దాకా ఒక సంఖ్య తీస్తుంది. అది వస్తువు గరిష్ఠాన్ని మించితే గరిష్ఠం దగ్గరే ఆపేస్తుంది. ఆవుల దగ్గరి కత్తికి గరిష్ఠం నాలుగు కాబట్టి 4, 5, 6 ఏది పడ్డా నాలుగు సాకెట్లే. అంటే ఆరింట మూడు, సగం అవకాశం. గరిష్ఠం ఆరు ఉన్న కత్తికి నాలుగు రావాలంటే సరిగ్గా 4 పడాలి, ఆరింట ఒకటే అవకాశం. బయటికి ఒకేలా కనిపించే రెండు కత్తుల మధ్య ఇంత తేడా. గరిష్ఠమే నాలుగుగా ఉన్న బ్రాడ్ స్వోర్డ్‌ని, ఐటెమ్ లెవెల్ 26 చేరితే చాలు, ఏ డిఫికల్టీలో దొరికినా నిశ్చింతగా క్యూబ్‌లో వేయొచ్చనేది ఇందుకే.

క్యూబ్ తినేసే ఆమ్న్, స్పిరిట్‌కి కావలసిన ఆమ్న్ ఒకే రూన్. ఒక్కటే ఉంటే క్యూబ్ జోలికి వెళ్లొద్దు.

స్పిరిట్‌ని డాలులో కూడా చేయొచ్చు, అవే రూన్‌లు, అదే వరుస. నాలుగు సాకెట్లు పట్టే డాళ్లు తక్కువ. ఎక్కువమంది ఎంచుకునేది మోనార్క్, దానికి స్ట్రెంగ్త్ 156 కావాలి. ఆ పాయింట్లు ఎక్కడినుంచి వస్తాయో ఆలోచించకుండా డాలు దాచుకోవడం అనవసరం.

తప్పు వరుసలో పెట్టేస్తే? హెల్ అనే రూన్ ఒకటి (హెల్ డిఫికల్టీతో దీనికి సంబంధం లేదు), టౌన్ పోర్టల్ స్క్రోల్ ఒకటి, ఆ వస్తువు క్యూబ్‌లో వేస్తే సాకెట్లు ఖాళీ అవుతాయి. లోపలి రూన్‌లు మాత్రం పోయినట్టే. బేస్ చాలా అరుదైనదైతేనే ఈ పని చేయండి.

రూన్‌లు దొరికే చోట్లు రెండు చెబుతాను. మొదటి యాక్ట్‌లో బ్లాక్ మార్ష్ దగ్గరి ఫర్గాటెన్ టవర్‌లో ఉండే కౌంటెస్ అనే శత్రువు నార్మల్‌లో ప్రత్యేకంగా వదిలే రూన్‌లు ఎల్ నుంచి రాల్ దాకా. టాల్ కోసం ఆమె చాలు. ఆమ్న్ కోసం నైట్‌మేర్ కౌంటెస్ దగ్గరికి వెళ్లాలి. నాలుగో యాక్ట్‌లోని హెల్‌ఫోర్జ్ క్వెస్ట్ నార్మల్‌లో ఎల్ నుంచి ఆమ్న్ దాకా ఏదో ఒకటి ఇస్తుంది.

అభ్యాసం.

1. స్టెల్త్‌కి టాల్, ఎత్ కావాలి, లెవెల్ 17, రెండు సాకెట్ల కవచం. రెండు సాకెట్లతో నేల మీద దొరికే బూడిదరంగు పేరున్న కవచం ఏదైనా చాలు. ఇది చేసి వేసుకుని, నడక వేగం 25 శాతం పెరిగిందో లేదో చూడండి.

2. గరిష్ఠం మూడు సాకెట్లున్న డాలుని క్యూబ్‌లో వేస్తే మూడూ వచ్చే అవకాశం ఎంత?

3. ఐటెమ్ లెవెల్ 45 ఉన్న క్రిస్టల్ స్వోర్డ్ ఒకటి మీ దగ్గర ఉంది. స్పిరిట్ చేయాలి. లార్జుక్ దగ్గరికి వెళ్తారా, క్యూబ్‌లో వేస్తారా, ఇంకో కత్తి వెతుకుతారా? కారణంతో రాసుకోండి.

రెండు, మూడు ప్రశ్నల జవాబులతో అయిదో పాఠం మొదలవుతుంది. అందులో ప్రత్యేక గుణాలుండే యునీక్, సెట్ వస్తువులకి లార్జుక్ వేసే ఆ ఒక్క సాకెట్‌లో ఏం పెట్టాలో చూద్దాం.