మెట్రో వయాడక్ట్ డిజైన్: గర్డర్ సంగతి తర్వాత, ముందు డివైడర్ చూడండి

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి వయాడక్ట్ (రోడ్డు మీదుగా మెట్రో వెళ్లే పొడవాటి వంతెన) పని ఇస్తే, వెంటనే సాఫ్ట్‌వేర్ తెరిచి గర్డర్ (పట్టాలని మోసే పెద్ద దూలం) మోడల్ మొదలుపెడతారు. నేనూ అదే చేశాను, తిట్లూ తిన్నాను. ఇప్పుడు మొదటి వారం ఎవరినీ కంప్యూటర్ ముట్టుకోనివ్వను. టేపు, సర్వే డ్రాయింగు, నీళ్ల బాటిలు పట్టుకుని మెట్రో వెళ్లబోయే దారి (అలైన్‌మెంట్) పొడవునా నడిచి రమ్మంటాను.

నడిచేటప్పుడు డివైడర్ వెడల్పు కొలవండి. డివైడర్ మీద నిలిచే పియర్ (గర్డర్లని మోసే స్తంభం) మందం 2 మీటర్లనుకుంటే, చుట్టూ క్రాష్ బ్యారియర్ కలిపి 3 మీటర్ల దాకా రోడ్డు పోతుంది. యూ టర్న్‌లు ఎక్కడున్నాయో, మ్యాన్‌హోల్ మూతలు ఏ వరుసలో వెళ్తున్నాయో రాసుకోండి. గర్డర్ అడుగున వాహనాలకి 5.5 మీటర్లు ఖాళీ ఉండాలి. సరిగ్గా 5.5 పెట్టి ఊరుకోకండి. మన రోడ్ల మీద తారు పొర మీద పొర పడుతూనే ఉంటుంది కదా!

తర్వాత స్పాన్‌లు, అంటే ఒక పియర్ నుంచి ఇంకో పియర్‌కి ఉండే దూరాలు. మన మెట్రోల్లో 22, 25, 28, 31 మీటర్ల స్పాన్‌లు తరచూ కనిపిస్తాయి. తేడా ఎప్పుడూ 3 మీటర్లే ఎందుకో నాకు చాలా రోజులు తట్టలేదు.

నా మొదటి ప్రాజెక్టులో 47వ పియర్ దగ్గర, పైపులైన్ రోడ్డు పక్కన ఉన్నట్టు మ్యాపులో ఉంది. ట్రయల్ పిట్ (కింద ఏముందో చూసే పరీక్ష గుంట) తవ్వితే సరిగ్గా డివైడర్ కింద, ఒకటిన్నర మీటరు లోతులో, మంచినీళ్ల పెద్ద పైపు బయటపడింది. దాన్ని మళ్లించాలంటే నెలలు పడుతుంది, కాలనీలకి నీళ్లు ఆపాలి. పియర్‌ని 2 మీటర్లు జరిపేసి, అటూ ఇటూ 28 మీటర్లున్న రెండు స్పాన్‌లనీ 30, 26గా మార్చి, రాత్రంతా కూర్చుని కొత్త డ్రాయింగు పంపాను. పొద్దున్నే కాస్టింగ్ యార్డ్ (గర్డర్‌ని సెగ్మెంట్లుగా, అంటే ముక్కలుగా పోతపోసే చోటు) నుంచి ఫోన్. "మేడమ్, సెగ్మెంట్‌కి 3 మీటర్ల అచ్చు ఉంది. ఈ 2 మీటర్ల ముక్కకి అచ్చు మీ ఇంటి నుంచి తెస్తారా?"

అప్పుడు వెలిగింది. పియర్‌ని 3 మీటర్లు జరిపితే ఒక సెగ్మెంట్ ఇటు నుంచి అటు వెళ్తుంది, 28, 28 కాస్తా 31, 25 అవుతాయి. అచ్చులు మారవు, సెగ్మెంట్లని కలిపి బిగించే కేబుళ్లు మాత్రం మళ్లీ లెక్కేసుకోవాలి. కాబట్టి పియర్లు జరపాల్సి వస్తే సెగ్మెంట్ లెక్కనే జరపండి. ట్రయల్ పిట్ చూడకుండా ఏ పియర్‌నీ ఖాయం చేయకండి.

పునాది ఊరిని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో చాలాచోట్ల కాస్త తవ్వగానే రాయి తగులుతుంది, ఓపెన్ ఫౌండేషన్ (తవ్వి నేరుగా రాయి మీద వేసే పునాది) సరిపోవచ్చు. విజయవాడలో కృష్ణ ఒండ్రు మట్టి, పైగా భూకంపాల సంగతి కూడా చూడాలి, అక్కడ పైల్స్ (లోతుగా దింపే కాంక్రీట్ స్తంభాలు) లేకుండా ఊహించలేం.

లోడుల దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. రెండు ట్రాకుల మీదా రైళ్లుంటేనే పియర్‌కి కష్టమనుకుంటారు. బరువుకైతే నిజమే. ఒక్క ట్రాక్ మీదే రైలుంటే ఆ బరువు మధ్య నుంచి 2 మీటర్లు పక్కకి పడి పియర్‌ని వంచుతుంది. రెండూ చూడండి. వంపులో ఇంకో బలం తోడవుతుంది. 120 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో రైలు గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, దాని బరువులో పదో వంతు కంటే కాస్త ఎక్కువే బయటికి తోస్తుంది. అమీర్‌పేటలో లాగా ఒక లైను మీదుగా ఇంకో లైను దాటేచోట పియర్ ఎత్తు పెరుగుతుంది. ఆ తోపుడు పునాది దగ్గర ఎంతవుతుందో చేత్తో ఒకసారి లెక్కేయండి, సాఫ్ట్‌వేర్‌ని ఆ తర్వాత నమ్మొచ్చు.

ఎండని మరవకండి. 30 డిగ్రీల తేడాకి 31 మీటర్ల గర్డర్ 11 మిల్లీమీటర్లు సాగుతుంది. పైన అతుకుల్లేకుండా వెల్డింగ్ చేసిన పట్టా మాత్రం దానితోపాటు సాగదు. ఆ పెనుగులాట పట్టాలోకీ, గర్డర్‌కీ పియర్‌కీ మధ్యుండే బేరింగుల్లోకీ వెళ్తుంది. స్పాన్‌లు పొడవైనకొద్దీ, ఒకదానికొకటి కలిపినకొద్దీ ఈ పెనుగులాట పెరుగుతుంది.

చివరగా, ఎవరూ పట్టించుకోని వాన నీటి పైపు. పట్టాలుండే డెక్ మీద నీళ్లు పియర్ లోపలి పైపులోంచి కిందికి దిగాలి. ఒక సైట్‌లో కాంక్రీట్ పోసేటప్పుడు ఆ పైపు మూతికి అడ్డంగా కుక్కిన సిమెంటు బస్తా లోపలే ఉండిపోయింది. మొదటి వానకి నీళ్లు బేరింగుల మీదుగా కారి, కింద బైకు ఆపుకున్నాయన నెత్తిన పడ్డాయి. అప్పటినుంచి నా డ్రాయింగుల్లో పైపు కింద వంపు దగ్గర చెయ్యి పట్టేంత చిన్న తలుపు గీస్తున్నాను, కాంక్రీట్ పోశాక పైనుంచి బకెట్ నీళ్లు పోసి చూడాలని పక్కనే నోట్ రాస్తున్నాను.