కుర్చీలు నిండినా గల్లా నిండకపోతే: హైదరాబాద్‌లో విదేశీ కాఫీ చైన్ల సమస్యలు - పరిష్కారాలు

హైదరాబాద్‌లో విదేశీ కాఫీ బ్రాండ్ షాపులు చూసుకునేవాళ్ల కోసం, ఫ్రాంచైజీలో డబ్బు పెడదామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అమ్మకం తగ్గిందనగానే అందరూ ముందు డిస్కౌంట్ బోర్డు పెడతారు. ఆ పని అన్నిటికంటే చివర చేయాల్సింది. ఇక్కడ ఒకే లక్షణం వెనక రెండు మూడు వేర్వేరు కారణాలుంటాయి. అది తేల్చుకోకుండా రేటు తగ్గిస్తే తప్పు ఎక్కడుందో ఇంకా కనబడకుండా పోతుంది. నెల మొత్తం అమ్మకం పక్కన పెట్టి, ఒక్కో షాపులో ఏ గంటకి ఎన్ని బిల్లులు పడ్డాయో ముందేసుకుని కూర్చోండి.

లక్షణం: కుర్చీలన్నీ నిండి ఉన్నాయి, బిల్లులు లేవు

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఇది మామూలే. పొద్దున పదకొండుకి ల్యాప్‌టాప్ తెరిచినవాళ్లు ఒక్క కాపుచీనోతో మూడింటిదాకా కూర్చుంటారు. ఉద్యోగాల ఇంటర్వ్యూలు, ప్లాట్ల బేరాలు, సంబంధాల మాటలు కూడా ఆ బల్లల దగ్గరే నడుస్తాయి. మేనేజర్‌కి వెంటనే తోచేది వైఫై ఆపేయడం. అంతకంటే ముందు ఒక వారంపాటు తలుపు దగ్గర మనిషిని పెట్టి, చోటు లేక వెనక్కి తిరిగిపోతున్నవాళ్లు ఎంతమందో రాయించండి.

ఎవరూ తిరిగిపోవడం లేదంటే తప్పు కూర్చున్నవాళ్లది కాదు. ఒంటిగంటకి ఆకలేస్తే వాళ్లు తినడానికి మీ దగ్గర చల్లటి శాండ్‌విచ్ తప్ప ఏమీ లేదన్నమాట. వేడిగా, త్వరగా ఇచ్చే తిండి రెండు రకాలు పెట్టండి. సాయంత్రం నాలుగున్నరకి చిన్న సైజు కాఫీతో పాటు తినేది ఒకటి కలిపి అమ్మండి. నిజంగానే జనం తిరిగిపోతుంటే గోడ వారగా నిలబడి తాగే కౌంటర్, మధ్యలో పదిమంది కూర్చునే పొడవాటి బల్ల, పార్సిల్‌కి వేరే కౌంటర్ ఏర్పాటు చేయాలి.

ఈ చిక్కు హైదరాబాద్‌కే పరిమితం కాదు. స్టార్‌బక్స్ 2018లో అమెరికాలో ఏమీ కొనకపోయినా కూర్చోవచ్చని ప్రకటించి, 2025 జనవరిలో ఉత్తర అమెరికా షాపుల్లో ఆ పద్ధతి మార్చుకుంది. మన దగ్గర మాత్రం కూర్చున్న మనిషిని లేపడం నాకు సమ్మతం కాదు. ఈ రోజు ఒక్క కాఫీతో గడిపినవాడే రేపు టీమ్‌లో ఎనిమిదిమందిని వెంటబెట్టుకొస్తాడు.

లక్షణం: అమ్మకం బాగుంది, నెలాఖరుకి ఏమీ మిగలడం లేదు

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే. దీని కారణం తొంభై పాళ్లు షాపు తెరవకముందే, అద్దె కాగితం మీద సంతకం పెట్టిన రోజే పుడుతుంది.

లెక్క చూడండి. జూబ్లీహిల్స్‌లో మెయిన్ రోడ్డు మీద ఒక షాపుకి నెల అద్దె 6 లక్షలు అనుకుందాం. వాణిజ్య అద్దె మీద జీఎస్టీ 18 శాతం, అంటే ఇంకో 1,08,000. మామూలు రెస్టారెంట్లు, కాఫీ షాపులు కస్టమర్ దగ్గర 5 శాతమే వసూలు చేస్తాయి. 2017 నవంబర్ నుంచి ఈ 5 శాతం పద్ధతిలో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే మనం కట్టిన పన్నుని వసూలు చేసిన పన్నులోంచి తగ్గించుకునే వీలు, లేదు. అద్దె మీద కట్టిన పన్ను, మెషీన్ల మీద కట్టిన పన్ను, ఇంటీరియర్ పని మీద కట్టిన పన్ను ఏదీ వెనక్కి రాదు. కాబట్టి అసలు అద్దె 7,08,000. పన్ను కాకుండా సగటు బిల్లు 350 రూపాయలైతే, రోజుకి 67 బిల్లుల డబ్బు పూర్తిగా అద్దెకే పోతుంది. ఆ తర్వాతే పాలు, గింజలు, జీతాలు, కరెంటు, డెలివరీ యాప్ కమీషన్. దీనిపైన ఫ్రాంచైజీ అయితే బ్రాండ్ పేరు వాడుకున్నందుకు కట్టే రాయల్టీ. రాయల్టీని సాధారణంగా అమ్మకం మీద లెక్కేస్తారు, లాభం మీద కాదు. షాపు నష్టంలో ఉన్న నెలలో కూడా అది కట్టాల్సిందే.

ఏం చేయాలి? కొత్త షాపు అయితే ఓనర్‌తో మాట్లాడేటప్పుడు స్థిరమైన అద్దెకి బదులు తక్కువ కనీస అద్దె, దానిపైన అమ్మకంలో వాటా అడగండి. ఏటా పెరిగే శాతం, మెయింటెనెన్స్ ఛార్జీ, లాకిన్ గడువు (మధ్యలో ఖాళీ చేయడానికి వీల్లేని కాలం), ఈ మూడూ అద్దె అంకెకంటే ముందు చదవండి. ఇంటీరియర్ పనికి పట్టే నెలలకి అద్దె లేకుండా చూసుకోండి. పాత షాపు అయితే చోటు తగ్గించడమే దారి. రెండు వేల చదరపు అడుగుల్లో ఒక మూల ఎప్పుడూ ఖాళీగా ఉంటే, దాన్ని ఓనర్‌కి తిరిగి ఇచ్చే మాట ఎత్తండి. చైనాలో 2017లో మొదలైన లకిన్ కాఫీ చిన్న చిన్న పికప్ షాపులతో పెరిగి 2023లో అక్కడి స్టార్‌బక్స్ అమ్మకాలను దాటింది. అదే లకిన్ అమ్మకాల లెక్కలు తప్పుగా చూపించిందని 2020లో బయటపడింది కూడా. కాబట్టి వాళ్ల దగ్గర షాపు కొలత నేర్చుకోండి, తొందర వద్దు.

లక్షణం: తెరిచిన కొత్తలో క్యూ, ఆర్నెల్లకి గిరాకీ సగం

మొదట వచ్చింది బోర్డు చూడటానికి, ఫొటో దిగడానికి. అలవాటుగా తాగడానికి వేరే కారణం కావాలి. స్టార్‌బక్స్ 2000లో ఆస్ట్రేలియా వెళ్లి, ఇటాలియన్, గ్రీక్ వలస కుటుంబాలు తరాలుగా పెంచిన కాఫీ రుచి ముందు నిలవలేక, 2008లో 84 షాపుల్లో 61 మూసేసింది. హైదరాబాద్‌కి అలాంటి పాత రుచి ఇరానీ చాయ్. చార్మినార్ పక్కన నిమ్రాలోనో, లక్డీకాపూల్ నీలోఫర్‌లోనో చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఇచ్చే తృప్తితో పోటీ పడాలని చూడకండి. ఆ రేటుకి మీరు దిగలేరు, ఆ రుచి మీ మెషీన్‌కి రాదు.

మీ సమయం వేరు. రాత్రి బిర్యానీ తిన్నాక కుటుంబంతో కలిసి కూర్చునే చోటు ఈ ఊళ్లో ఎప్పుడూ చాలదు. ఏసీ, శుభ్రమైన బాత్రూమ్, ఆడవాళ్లు ఒంటరిగా వచ్చినా ఇబ్బంది లేని వాతావరణం, ఇవే మీరు నిజంగా అమ్మేవి. రాత్రి తొమ్మిది తర్వాత సిబ్బందిని తగ్గించకండి. రేటు భయపెడుతుంటే మొత్తం మెనూ తగ్గించకుండా చిన్న కప్పు పెట్టండి. టాటా స్టార్‌బక్స్ 2022లో కొన్ని నగరాల్లో చిన్న కప్పు, ఫిల్టర్ కాఫీ, మసాలా చాయ్ ప్రయోగించింది ఇందుకే. గింజ పేరు కూడా మాట్లాడుతుంది. 2019లో జీఐ (ఫలానా ప్రాంతానిదే అని చెప్పే) గుర్తింపు పొందిన అరకు కాఫీని బోర్డు మీద రాస్తే తెలుగువాళ్లు ఒకసారి ఆగి చదువుతారు.

లక్షణం: ఒకే బ్రాండ్, కొండాపూర్‌లో ఒక రుచి, హిమాయత్‌నగర్‌లో ఒక రుచి

ముందు నీళ్లు పరీక్ష చేయించండి. కాఫీలో తొంభై శాతానికి పైగా నీళ్లే. ఎండాకాలం వచ్చేసరికి పడమటి వైపు చాలా భవనాలు ట్యాంకర్ మీద, బోరు మీద నడుస్తాయి. ఆ నీళ్లలో సున్నం ఎక్కువ. అది బాయిలర్‌లో పేరుకుంటే రుచి పోతుంది, ఖరీదైన మెషీన్ కూడా పోతుంది. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకి 150 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలని స్పెషాలిటీ కాఫీ వాళ్ల ప్రమాణం. ఆర్‌ఓ పెట్టి లవణాలన్నీ తీసేసినా కాఫీ చప్పబడుతుంది. కొంత తిరిగి కలిపే ఫిల్టర్ కావాలి.

నీళ్లు బాగున్నాయంటే కారణం మనుషులు. నేర్పిన బరిస్టా, అంటే కాఫీ చేసే మనిషి, కాస్త ఎక్కువ జీతానికి పక్క షాపుకి పోతాడు, కొత్తగా వచ్చినవాడు పొడి మెత్తదనం సరిచేసే గ్రైండర్ ముట్టుకోడు. 18 గ్రాముల పొడి, 36 గ్రాముల ఎస్ప్రెస్సో, 25 నుంచి 30 సెకన్లు. పొద్దున షాపు తెరిచే ముందు ఈ కొలత సరిచూడటం ప్రతి షిఫ్ట్‌కీ నియమం కావాలి. 2008 ఫిబ్రవరి 26న స్టార్‌బక్స్ అమెరికాలో 7,100 షాపులు కొన్ని గంటలు మూసి మళ్లీ ఎస్ప్రెస్సో నేర్పించింది. ఆ సాయంత్రం అమ్మకం పోయినా చేసిన పని సరైనదే.

లక్షణం: శని, ఆదివారాల్లో ఈగలు తోలుకోవడం

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ షాపుల గోల ఇది. ఇంటి నుంచి పనిచేసే రోజులు పెరిగితే సోమ, శుక్రవారాలు కూడా పడిపోతాయి. ఆఫీసు టవర్ లోపల చిన్న కియోస్క్ చాలు, పెద్ద షాపు ఇళ్లున్న కూకట్‌పల్లి, నల్లగండ్ల వైపు పెట్టండి.

లక్షణం: గింజల ధర పెరిగింది, రేటు పెంచాలా?

2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా రకం కాఫీ గింజల ధర పౌనుకి 4 డాలర్లు దాటింది. భయపడే ముందు మీ కప్పు ఖర్చు విడదీయండి. లాటే, కాపుచీనో ఎక్కువగా అమ్మే షాపులో పాల వృథా ఆపితేనే చాలా మిగులుతుంది. పిచర్‌లో మిగిలి పారబోసే పాలు ఒక రోజు కొలిచి చూడండి.

లక్షణం: షాపులు పెరుగుతున్నాయి, అప్పు అంతకంటే వేగంగా పెరుగుతోంది

టాటా స్టార్‌బక్స్ 2028 నాటికి వెయ్యి షాపులని 2024లో ప్రకటించింది. అంత మూలధనం ఉన్న భాగస్వామిని చూసి మీరూ పరుగెత్తకండి. పక్క వీధిలో కొత్త షాపు తెరిచినప్పుడు పాత షాపు బిల్లులు ఎంత తగ్గాయో మూడు నెలలు చూసి, రెండిటినీ కలిపి లెక్కేయండి. కలిపిన లాభం పెరగకపోతే మూడోది ఆపండి. లాకిన్ ముగిసే తేదీకి ఆరు నెలల ముందే ప్రతి షాపు మీద ఉంచాలా, మూసేయాలా అన్న చర్చ పెట్టుకోండి. మూసేస్తే అక్కడి సిబ్బందిని ఏ షాపులోకి తీసుకోవాలో కూడా ఆ రోజే రాసిపెట్టండి.