కారు రంగుపై గీతలు: ఇంటి వద్దే సరిచేసుకునే విధానం

కాలువ గట్టు రోడ్డు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే కారును అంచుకు దింపక తప్పదు. అక్కడి తుమ్మకొమ్మ తలుపు పొడవునా ఒక గీత గీసి పంపిస్తుంది. కోనసీమలోనైతే కొబ్బరిచెట్టు కింద నిలిపిన కారు బానెట్‌పై ఎండుమట్ట పడడం మామూలే. గాలిలో తేమ ఎక్కువగా ఉండి, అంతర్వేది, నరసాపురం వైపు వెళ్ళేకొద్దీ ఉప్పు కూడా కలిసే డెల్టాలో గీత పొడవు కన్నా లోతును ముందుగా తేల్చుకోవాలి.

కారు రేకుపై సాధారణంగా తుప్పును ఆపే అడుగుపొర, ప్రైమర్, రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. ఇవన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటుగా మాత్రమే ఉంటుంది కనుక, రుద్దడంలో తొందర పనికిరాదు. ఆ చోటును షాంపూ నీళ్ళతో కడిగి, ఆరిన తరువాత తడివేలితో గీతను తడపాలి. తడిసినంతసేపు గీత కనబడకపోతే అది క్లియర్ కోట్‌ను దాటలేదని అర్థం. గోరు అడ్డంగా నడిపినప్పుడు తట్టుకుంటే లోతుగా దిగినట్టే. అడుగున లోహపు మెరుపు గానీ గోధుమరంగు గానీ కనిపిస్తే రేకు బయటపడినట్టే.

పైపై గీతలకు రబ్బింగ్ కాంపౌండ్, అంటే పైపొరను కొద్దికొద్దిగా అరగదీసే పేస్టు చాలు. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డపై శనగగింజంత తీసుకుని, నీడలో, చల్లగా ఉన్న రేకుపై జానెడు మేర మాత్రమే రుద్ది, తుడిచి చూసి, అవసరమైతే మరొకసారి రుద్ది, చివర పాలిష్ పెట్టాలి. చేయి అలవాటు లేనివారు ఈ దశలో వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అరిగిన క్లియర్ కోట్ తిరిగి రాదు. కొబ్బరినూనె రాస్తే గీత పోతుందని మా వైపు చాలామంది చెబుతారు. నూనె గీతలో నిండి రెండు రోజులు కనబడనీయదు, ఆపై దుమ్మును పట్టుకుంటుంది. తరువాత వేయబోయే రంగునూ అంటనీయదు.

లోతైన గీతకు చిన్న సీసాలో దొరికే టచప్ పెయింట్ కావాలి. తలుపు స్తంభం మీదనో బానెట్ కిందనో ఉండే స్టిక్కరుపై రంగు కోడ్ చూసి, ఆ కోడ్‌తోనే కొనాలి. తెలుపు అనుకున్నది కూడా రకరకాలుగా ఉంటుంది. తుప్పు ఉంటే వాటర్ పేపర్‌ను సన్నగా మడిచి, ఆ మడత అంచుతో గీత లోపల మాత్రమే గీకి, గోధుమరంగు పూర్తిగా పోయాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. రేకు కనబడిన చోట ముందు ప్రైమర్ పెట్టాలి. సీసా మూతకున్న కుంచె మోటుగా ఉంటుంది కనుక అగ్గిపుల్ల కొనను సన్నగా చెక్కి, దానితో చిన్న బొట్టు తీసి గీత మొదట్లో తాకిస్తే, రంగు తనంతట తానే గాడి వెంట పాకుతుంది. ఒకేసారి నింపకుండా, అరగంట చొప్పున ఆరనిస్తూ రెండు మూడు పల్చని పూతలు వేసి, పైన క్లియర్ కోట్‌ను చుట్టూ ఉన్న మట్టం కన్నా కాస్త ఎత్తుగా ఉంచాలి. వారం రోజులు గట్టిపడిన తరువాత ఆ ఎత్తును మాత్రం 2000 నంబరు వాటర్ పేపర్‌తో, నీళ్ళు పోస్తూ, చదును చేసి కాంపౌండ్‌తో మెరుగు పెట్టాలి. మెటాలిక్ రంగుల్లో దగ్గరగా చూస్తే గీత జాడ కొంత మిగులుతుంది. దానికి ఒప్పుకునే పని మొదలుపెట్టాలి.

వాన ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. థిన్నర్ ఆవిరవుతున్నప్పుడు పూత చల్లబడుతుంది. గాలిలోని తేమ దానిపై చేరి పాలవలె తెల్లబారుతుంది. శీతాకాలంలో మంచు పూర్తిగా ఆరిన తరువాత, పది గంటల నుంచి మధ్యాహ్నం మూడు వరకు అనువైన వేళ. ఊళ్ళో నూర్పిళ్ళు సాగుతున్నప్పుడు మాత్రం గాలిలో తేలే ధూగరకు కారును షెడ్డులోకి మార్చుకోవాలి.

ప్లాస్టిక్ బంపరుకు తుప్పు రాదు కనుక నిదానంగా చేసుకోవచ్చు. రేకు నొక్కుకుపోయినా, గీత ఒక తలుపు నుంచి మరొక తలుపుకు సాగినా టింకరింగ్ షెడ్డుకు పంపడమే సరి. వర్షాకాలం మధ్యలో రేకు బయటపడితే, పొడి రోజు దొరికేదాకా ఆ చోటును తుడిచి ఆరబెట్టి, రంగులేని గోళ్ళరంగు పల్చగా పూసి ఉంచాలి. అసలు పని మొదలుపెట్టే ముందు దానిని గీకి తీసేయాలి.