రైఫిల్ స్కోప్ ఎంపిక, పారలాక్స్ సర్దుబాటు: ఒక మార్గదర్శి

స్కోప్ కొనబోయేవారు సాధారణంగా ముందుగా అడిగేది అది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందని. నిజానికి ఆ ప్రశ్న చివర రావాలి. మొదట తేల్చుకోవలసినవి రెండే: స్కోప్‌ను ఏ రైఫిల్‌కు బిగించబోతున్నారు, ఆ రైఫిల్‌తో ఎంత దూరం నుంచి ఎంత దూరం వరకు కాల్చబోతున్నారు. ఈ రెండూ తేలితే పవర్, లెన్స్ పరిమాణం, పారలాక్స్ సర్దుబాటు అవసరమా కాదా అన్న సంగతులు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. పది ఇరవై మీటర్లలో పేల్చే ఎయిర్ రైఫిల్‌కూ, యాభై మీటర్ల పాయింట్ టూ టూ రైఫిల్‌కూ, మూడు వందల మీటర్లు దాటి కాల్చే సెంటర్‌ఫైర్ (ఎక్కువ శక్తి గల తూటాల) రైఫిల్‌కూ ఒకే స్కోప్ సరిపోదు. అలా సరిపోకపోవడానికి ముఖ్యమైన కారణాల్లో పారలాక్స్ ఒకటి కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

కారులో డ్రైవర్ పక్కన కూర్చుని స్పీడోమీటర్ చూస్తే, ముల్లు డ్రైవర్‌కు కనిపించే అంకె మీద కాక కాస్త పక్కన ఉన్నట్టు కనిపిస్తుంది. ముల్లూ అంకెలూ ఒకే తలంలో లేకపోవడమే అందుకు కారణం. స్కోప్‌లో జరిగేదీ ఇదే. ముందున్న ఆబ్జెక్టివ్ లెన్స్, లక్ష్యం ప్రతిబింబాన్ని గొట్టం లోపల ఒక చోట ఏర్పరుస్తుంది. ఆ ప్రతిబింబం సరిగ్గా రెటికిల్ (గురి చూసే క్రాస్‌హెయిర్ గీతలు) ఉన్న తలం మీదే పడితే, ఐపీస్ (కంటి వైపు లెన్స్) వెనక కన్ను కాస్త అటూ ఇటూ జరిగినా రెటికిల్ లక్ష్యానికి అతుక్కున్నట్టే ఉంటుంది. అయితే లక్ష్యం దగ్గరైతే ప్రతిబింబం వెనక్కి, అంటే కంటి వైపుకు జరుగుతుంది; లక్ష్యం దూరమైతే ఆబ్జెక్టివ్ వైపుకు జరుగుతుంది. అలా రెటికిల్‌కూ ప్రతిబింబానికీ మధ్య ఎడం ఏర్పడినప్పుడు, రైఫిల్ కదలకపోయినా తల కదిలితే చాలు, క్రాస్‌హెయిర్ లక్ష్యం మీద జారినట్టు కనిపిస్తుంది. ఇదే పారలాక్స్. తుపాకీ గొట్టం ఎటు చూస్తున్నదో అటే చూస్తున్నా, గురి మాత్రం తప్పిందనిపిస్తుంది. దాన్ని సరిచేయబోయి కాల్చేవారు గొట్టాన్నే పక్కకు తిప్పేస్తారు.

ఈ దోషం ఎంత ఉండవచ్చో లెక్క వేయడం సులువు. ఆబ్జెక్టివ్ వ్యాసంలో సగం తీసుకుని, లక్ష్యం ఉన్న దూరానికీ పారలాక్స్ లేకుండా సెట్ చేసిన దూరానికీ ఉన్న తేడాతో దాన్ని గుణించి, సెట్ చేసిన దూరంతో భాగిస్తే, కన్ను పూర్తిగా అంచుకు జరిగినప్పుడు వచ్చే గరిష్ఠ దోషం తెలుస్తుంది. 40 మిల్లీమీటర్ల ఆబ్జెక్టివ్ ఉన్న స్కోప్‌ను 100 గజాలకు సెట్ చేశారనుకుందాం. 200 గజాల దగ్గర గరిష్ఠ దోషం 20 మిల్లీమీటర్లు, 300 గజాల దగ్గర 40 మిల్లీమీటర్లు, 50 గజాల దగ్గర 10 మిల్లీమీటర్లు. అదే స్కోప్‌తో 10 గజాల దూరంలోని కాగితం మీద గురిపెడితే 18 మిల్లీమీటర్లు. 300 గజాల దగ్గర నాలుగు సెంటీమీటర్లు చాలామందికి పట్టింపు కాదు, పైగా కన్ను మధ్యలో ఉంటే అదీ ఉండదు. కానీ 10 గజాల దగ్గర చిన్న చుక్కను కొట్టాలనుకునేవారికి దాదాపు రెండు సెంటీమీటర్లంటే లక్ష్యం మొత్తం తప్పిపోయినట్టే. ఈ లెక్కలో పవర్ ఎక్కడా లేదన్నది గమనించాలి. ఎక్కువ పవర్ పారలాక్స్‌ను పెంచదు, స్పష్టంగా బయటపెడుతుంది.

తయారీదారులు సర్దుబాటు లేని స్కోపులను ఫ్యాక్టరీలోనే ఒక దూరానికి సెట్ చేసి పంపుతారు. సెంటర్‌ఫైర్ స్కోపులకు ఎక్కువగా 100 గజాలు, కొన్నింటికి 150 గజాలు. రిమ్‌ఫైర్ (పాయింట్ టూ టూ వంటి చిన్న తూటాల) స్కోపులకు 50 గజాల ప్రాంతం. అందుకే సెంటర్‌ఫైర్ స్కోప్ చవకగా దొరికిందని ఎయిర్ రైఫిల్‌కు బిగించుకోవడం తెలివైన పని కాదు. దగ్గరి లక్ష్యం మసకగానూ కనిపిస్తుంది, గురీ నిలవదు. ఎప్పుడూ దాదాపు ఒకే దూరంలో, 9 రెట్లకు మించని పవర్‌తో కాల్చేవారికి సర్దుబాటు లేని స్కోప్ చాలు, తిప్పడం మరిచిపోయే మీట ఒకటి తగ్గుతుంది కూడా. పవర్ 10 రెట్లు దాటినా, దూరాలు తరచూ మారుతున్నా, 50 గజాల లోపు చిన్న లక్ష్యాలను కొడుతున్నా సర్దుబాటు ఉన్నదే తీసుకోవాలి.

సర్దుబాటు రెండు రకాలు. ఒకదానిలో ఆబ్జెక్టివ్ చుట్టూ ఉన్న రింగును తిప్పాలి. నిర్మాణం సరళంగా ఉంటుంది కానీ, గురిపెట్టిన భంగిమ చెడకుండా అంత ముందుకు చెయ్యి చాచడం కష్టం. రెండోది స్కోప్ ఎడమ పక్కన, టరెట్ల (గురిని పైకీ కిందకీ, పక్కలకూ జరిపే మీటల) వరుసలో ఉండే గుండ్రటి మీట. తలెత్తకుండానే తిప్పవచ్చు, కాకపోతే లోపల కదిలే లెన్స్ ఒకటి ఎక్కువవుతుంది, ధర కూడా సాధారణంగా ఎక్కువే. ఎయిర్ రైఫిల్‌కు కొంటున్నట్టయితే మీట మీద కనిష్ఠ దూరం 10 గజాలో అంతకన్నా తక్కువో ఉందా అని తప్పకుండా చూసుకోవాలి. చాలా స్కోపుల్లో ఆ అంకె 25 లేదా 50 దగ్గరే ఆగిపోతుంది.

ఇక పవర్ విషయం. 3-9×40 అని రాసి ఉంటే పవర్‌ను 3 నుంచి 9 రెట్ల వరకు మార్చుకోవచ్చనీ, ఆబ్జెక్టివ్ వ్యాసం 40 మిల్లీమీటర్లనీ అర్థం. వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే ఐపీస్ నుంచి బయటికి వచ్చే కాంతి కడ్డీ మందం, అంటే ఎగ్జిట్ ప్యూపిల్ తెలుస్తుంది. 9 రెట్ల దగ్గర అది సుమారు 4.4 మిల్లీమీటర్లు, అదే లెన్స్‌ను 20 రెట్లకు వాడితే 2 మిల్లీమీటర్లే. పట్టపగలు మన కంటిపాప వ్యాసం రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు కాబట్టి అప్పుడు వెలుతురుకు లోటుండదు. మసక వెలుతురులో కంటిపాప విచ్చుకుంటుంది, అప్పుడు సన్నటి కడ్డీ చాలదు, దృశ్యం చీకటిగా కనిపిస్తుంది. అంతకన్నా రోజువారీ ఇబ్బంది మరొకటి ఉంది: కడ్డీ సన్నబడేకొద్దీ కన్ను నిలిపే చోటు ఇరుకై, కాస్త జరిగితే చాలు దృశ్యం నల్లబడుతుంది. దానికి తోడు ఎక్కువ పవర్‌లో చూపు పరిధి తగ్గుతుంది, చేతి వణుకు పెద్దదై కనిపిస్తుంది, ఎండలో నేల నుంచి లేచే వేడిగాలి తెరలు లక్ష్యాన్ని నీళ్లలో చూస్తున్నట్టు ఆడిస్తాయి. అంచేత 25 రెట్ల నాసిరకం స్కోప్ కన్నా అదే ధరకు వచ్చే 9 లేదా 12 రెట్ల మంచి స్కోప్ మేలని నా నిశ్చితాభిప్రాయం.

గొట్టం మందం 25.4, 30 లేదా 34 మిల్లీమీటర్లు ఉంటుంది. లావు గొట్టం ఎక్కువ వెలుతురు ఇస్తుందన్నది అపోహ. అది ఇచ్చేది లోపలి సర్దుబాటుకు ఎక్కువ జాగా. టరెట్లు మోవా (ఎంఓఏ, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) లెక్కలో ఉండవచ్చు, మిల్ (రేడియన్‌లో వెయ్యో వంతు కోణం) లెక్కలో ఉండవచ్చు. పావు మోవా క్లిక్ 100 మీటర్ల దగ్గర గురిని సుమారు 7.3 మిల్లీమీటర్లు జరుపుతుంది, 0.1 మిల్ క్లిక్ సరిగ్గా 10 మిల్లీమీటర్లు జరుపుతుంది. ఏది ఎంచుకున్నా ఫరవాలేదు కానీ, రెటికిల్ మీది గీతలూ టరెట్ క్లిక్కులూ ఒకే లెక్కలో ఉండాలి. స్కోప్ లోపల ప్రతిబింబం ఏర్పడే రెండు తలాల్లో ముందుదైన మొదటి ఫోకల్ ప్లేన్‌లో రెటికిల్ ఉంటే పవర్‌తో పాటు అదీ పెరుగుతుంది, కాబట్టి గీతల కొలత ఏ పవర్ దగ్గరైనా సరిపోతుంది. రెండో ఫోకల్ ప్లేన్‌లో ఉంటే గీతల మందం మారదు, కానీ కొలత ఒక నిర్దిష్ట పవర్ దగ్గరే, సాధారణంగా గరిష్ఠ పవర్ దగ్గరే నిజమవుతుంది. గీతలతో కొలిచే అలవాటు లేనివారికి రెండో రకమే హాయి.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉన్నవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. అందులో పిస్టన్ ముందుకు దూకి ఆగేటప్పుడు రైఫిల్ వెనక్కీ ముందుకూ రెండు వైపులా కుదుపుతుంది. పెద్ద తుపాకీ కుదుపును ఏళ్ల తరబడి తట్టుకున్న స్కోప్ కూడా ఈ ఎదురు కుదుపుకు లోపల వదులైపోవచ్చు. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు పనికొస్తుందని తయారీదారు స్పష్టంగా రాసి ఉంటేనే కొనాలి.

స్కోప్ బిగించాక పారలాక్స్ మీటను ముట్టుకునే ముందు చేయవలసిన పని ఒకటుంది. అదే ఐపీస్ సర్దుబాటు. దీన్ని వదిలేయడం వల్లే చాలామందికి పారలాక్స్ ఎప్పటికీ కుదరదు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకుని, బోల్ట్ తెరిచి ఉంచి, రైఫిల్‌ను సురక్షితమైన దిశలో ఖాళీ తెల్లటి గోడ వైపో మామూలు ఆకాశం వైపో తిప్పాలి. సూర్యుడి వైపు పొరపాటున కూడా తిప్పకూడదు. పవర్‌ను గరిష్ఠానికీ, పారలాక్స్‌ను అనంతానికీ పెట్టి, కాసేపు ఎక్కడో దూరంగా చూసి, ఒక్క క్షణం మాత్రమే స్కోప్‌లోకి చూడాలి. ఆ మొదటి చూపులోనే రెటికిల్ నల్లగా, పదునుగా కనిపించాలి. లేకపోతే ఐపీస్ రింగును కొద్దిగా తిప్పి, మళ్లీ దూరంగా చూసి, మళ్లీ క్షణం చూడాలి. అదే పనిగా చూస్తూ తిప్పితే కన్నే సర్దుకుని మసకను పదునుగా చూపించి మోసం చేస్తుంది. కాల్చేటప్పుడు కళ్లజోడు పెట్టుకునేవారు ఇప్పుడు కూడా పెట్టుకోవాలి. కుదిరాక రింగు మీద చిన్న గుర్తు పెట్టి, ఇక దాన్ని వదిలేయాలి. లక్ష్యం మసకగా ఉందని ఐపీస్‌ను తిప్పడం సరికాదు.

ఇప్పుడు పారలాక్స్. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా కూర్చోబెట్టి, క్రాస్‌హెయిర్‌ను టార్గెట్ కాగితం మీది చిన్న చుక్క మీదికి తెచ్చి, చేతులు తీసేయాలి. చెంపను స్టాక్‌కు ఆనించకుండా, దృశ్యం నల్లబడనంత మేరకే తలను పైకీ కిందకీ, కుడికీ ఎడమకూ మెల్లగా ఆడించాలి. క్రాస్‌హెయిర్ చుక్కను వదిలి జారుతోందా అన్నదే చూడాలి. తల కుడికి జరిగినప్పుడు క్రాస్‌హెయిర్ ఎడమకు జారితే స్కోప్ లక్ష్యం కన్నా దగ్గరి దూరానికి సెట్ అయి ఉందని అర్థం, మీటను దూరం వైపు తిప్పాలి. తలతో పాటే అదీ కుడికి జారితే దగ్గర వైపు తిప్పాలి. తిప్పినకొద్దీ జారుడు తగ్గి, ఒక చోట చుక్కా క్రాస్‌హెయిరూ కలిసి ఉండిపోతాయి. లోపలి పళ్లలో కొంత వదులు ఉంటుంది కనుక ఆ చోటును ప్రతిసారీ ఒకే వైపు నుంచి చేరుకోవడం మంచి అలవాటు. నేనైతే ముందు అనంతం దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి దగ్గరకు తెస్తాను.

లక్ష్యం పదునుగా కనిపించినంత మాత్రాన పారలాక్స్ పోయినట్టు కాదు. ఐపీస్ సరిగా సర్ది ఉంటే రెండూ దాదాపు ఒకే చోట కలుస్తాయి. కలవకపోతే ఐపీస్ పని మళ్లీ మొదటి నుంచి చేయాలి. అప్పటికీ కొద్ది తేడా మిగిలితే పదునును కాస్త వదులుకుని, జారుడు లేని చోటునే నమ్మాలి. మీట మీద అచ్చు వేసిన అంకెలు కూడా సుమారు లెక్కలే. కొలిచిన దూరాల్లో లక్ష్యాలు నిలిపి, మీట చుట్టూ అంటించిన తెల్లటి టేపు మీద సొంత అంకెలు రాసుకోవడం మేలు. వేర్వేరు దూరాల్లోని లక్ష్యాలను కాల్చే ఫీల్డ్ టార్గెట్ పోటీల్లో ఎయిర్ రైఫిల్ వాళ్లు దీన్ని ఒక కళగా మార్చారు: సైడ్ మీటకు వెడల్పాటి చక్రం తగిలించి, ఎక్కువ పవర్‌లో లక్ష్యం పదునెక్కే చోటును బట్టి దూరాన్నే చదివేస్తారు. ఎండకూ చలికీ ఆ అంకెలు కొంచెం జరుగుతాయి కాబట్టి వాళ్లు రోజూ సరిచూసుకుంటారు.

సర్దుబాటు లేని స్కోప్ ఉన్నవారు చేయగలిగిందీ తక్కువేం కాదు. కన్ను స్కోప్ మధ్య గీత మీదే ఉంటే ఏ దూరం దగ్గరైనా పారలాక్స్ దోషం ఉండదు. కాబట్టి పనంతా చెంప ఆనే తీరులో ఉంది. కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఆనించి, చెంపను అలవాటైన చోట పెట్టి కళ్లు తెరిస్తే నిండు దృశ్యం కనిపించాలి. ఒక పక్క నల్లటి నెలవంక కనిపిస్తే స్కోప్‌ను రైఫిల్‌కు బిగించే రింగుల ఎత్తో, చెంప ఆనే పలక ఎత్తో, స్కోప్‌ను ముందుకో వెనక్కో బిగించిన చోటో సరిగా లేదన్నమాట. గురి చూసేటప్పుడు తలను పిసరంత వెనక్కి తీస్తే దృశ్యం చుట్టూ సన్నటి నల్ల వలయం ఏర్పడుతుంది. ఆ వలయం అన్ని వైపులా సమానమైన మందంలో ఉన్నదంటే కన్ను మధ్యలోనే ఉంది.

మీటను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినా జారుడు పోకపోతే, లేదా దూరం మార్చకుండానే మీట తిప్పినప్పుడు జీరో (తూటా గురిపెట్టిన చోటే తగిలేలా కుదిర్చిన అమరిక) జరిగిపోతుంటే, అది సర్దుబాటు లోపం కాదు, స్కోప్ లోపం. ముందు మౌంట్ స్క్రూలు తయారీదారు చెప్పిన బిగువులో ఉన్నాయో లేదో చూసి, అవి సరిగానే ఉంటే స్కోప్‌ను తయారీదారుకు పంపాలి. ముందు లెన్స్ రింగును విప్పి సొంతంగా సరిచేసుకునే పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి గానీ, అలా చేస్తే లోపల నింపిన పొడి నైట్రోజన్ పోయి, మొదటి చల్లటి ఉదయానికే అద్దాలకు లోపలి వైపు ఆవిరి పడుతుంది, వారంటీ కూడా పోతుంది.