అండాశయాలు తీసేస్తామన్నారా? ముందు ఇవి అడగండి

నేను స్త్రీల వార్డులో నర్సుని. ‘గర్భసంచితో పాటు అవీ తీసేస్తారట’ అనే మాట రోజూ వింటాను. అక్కడే ఆగి డాక్టరును అడగండి: రెండూ తీయాలా, ఒకటి చాలదా, ఎందుకు? క్యాన్సరో, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ జన్యులోపమో, మెలితిరిగి పాడైన అండాశయమో అయితే కారణం తెలుస్తూనే ఉంది. ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇక అవెందుకు’ అన్నది కారణం కాదు, అత్తగారు అన్నా సరే.

ఒకటి మిగిలితే హార్మోన్లు సాధారణంగా అందుతూనే ఉంటాయి. రెండూ పోతే మాత్రం ముట్లుడగడం మెల్లగా రాదు. కొద్దిరోజుల్లోనే ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. ఎముకలు కూడా త్వరగా గుల్లబారతాయి. 45 ఏళ్ల లోపువారు హార్మోను మందుల గురించి ఆపరేషనుకు ముందే మాట్లాడుకోవాలి. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి సాధారణంగా వాటిని ఇవ్వరు.

ఆపరేషనుకు 6 గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. పాలు కలిపిన కాఫీ కూడా తిండి కిందే లెక్క. దుప్పటి చాటున ఫ్లాస్కు తెరిచేవారిని వాసనతోనే పట్టేస్తాను. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇంటికి వెళ్లాక దగ్గు వస్తే పొట్టమీద చిన్న దిండు అదిమిపట్టుకోండి. పొట్ట కోసి చేసిన ఆపరేషనైతే 6 వారాలు నీళ్ల బిందె జోలికి పోవద్దు. జ్వరం, కుట్ల దగ్గర చీము, పిక్కలో వాపు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి. తీసిన భాగాన్ని ల్యాబులో పరీక్షించి ఇచ్చే బయాప్సీ రిపోర్టు మాత్రం అడిగి తీసుకోండి.